పంటిగాటు బన్ను

స్కూల్ బస్సు దిగిన దగ్గర్నుంచి దాము లంచ్‌బాక్స్‌ను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. మామూలుగా అయితే దాన్ని గిరగిరా తిప్పుకుంటూ పరుగెత్తుతాడు.

"ఏంట్రా ఆ నడక?" అంది వాడి అక్క వసుమతి.

"షేక్ అవ్వకూడదు," అన్నాడు దాము.

వసుమతికి పదేళ్ళు. దాముకు ఆరు. వాడి అసలు పేరు దామోదర్. స్కూల్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరక్క అక్కడ కూడా దామూయే అయిపోయాడు. వాళ్ళు ఉండేది షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. అది 1983వ సంవత్సరం, అక్టోబరు నెల, శుక్రవారం. దారంతా ఎండిన మేపుల్ ఆకులు కాళ్ళ కింద కరకరమంటున్నాయి.

మెట్ల దగ్గరికి రాగానే దాము కింద మెట్టు మీద కూర్చుని, లంచ్‌బాక్స్ మూత మెల్లగా తీశాడు. లోపల కాగితపు నాప్‌కిన్‌లో సగం కప్‌కేక్ ఉంది. పైన నీలం రంగు క్రీము పూత, ఫ్రాస్టింగ్. ఒక పక్క వరసగా పళ్ళ గుర్తులు.

"మా క్లాస్‌లో బర్త్‌డే. అందరికీ వన్ వన్ ఇచ్చారు. హాఫ్ నేను తిన్నా. హాఫ్ నీకు సేవ్ చేశా," అన్నాడు.

"ఛీ, ఎంగిలి," అంది వసుమతి.

"కట్ చేద్దామంటే నైఫ్ లేదు అక్కా."

"అయితే మొత్తం నువ్వే తినెయ్యాల్సింది."

"కాకెంగిలి చేద్దామనుకున్నా. షర్ట్‌కి బ్లూ అంటితే అమ్మ తిడుతుందని చెయ్యలా."

కాకెంగిలి అంటే తినేదాని మీద బట్ట అడ్డం పెట్టి కొరకడం. అలా కొరికితే ఎంగిలి అంటదని పిల్లల లెక్క. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ అక్కతో కలిసి పరికిణీ అంచు అడ్డం పెట్టి జామకాయ అలాగే కొరికేదట. ఆ సంగతి అమ్మ చెప్పినప్పటినుంచి దాము చొక్కాలన్నిటికీ చాక్లెట్ మరకలే.

వసుమతి నాప్‌కిన్‌ను రెండు వేళ్ళతో ఎత్తి, మెట్ల కింద ఉన్న చెత్తడబ్బాలో పడేసింది.

దాము చెత్తడబ్బా వైపు చూశాడు. లంచ్‌బాక్స్ మూత పెట్టాడు. ఇప్పుడది షేక్ అయినా ఫర్వాలేదు. అయినా వాడు దాన్ని తిప్పలేదు. చేతికి వేలాడేసుకుని పైకి వెళ్ళిపోయాడు.

ఎంగిలి విషయంలో వసుమతి చాలా గట్టిది. నీళ్ళ సీసా ఎప్పుడూ ఎత్తి తాగుతుంది. స్కూల్లో ముగ్గురు ఫ్రెండ్స్ ఒకే కోక్ డబ్బా తాగుతుంటే, తను పక్కకు తిరిగి చెట్లను చూస్తుంది. "మా వసు నాకన్నా పద్ధతి," అని అమ్మ ఫోన్లో చెప్పడం విన్నప్పటినుంచి ఆ పట్టు ఇంకా ఎక్కువైంది.

పైకి వెళ్ళేసరికి ఎదురింటి డోరా మామ్మ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన నాన్న కార్ తాళాలు పట్టుకుని ఉన్నాడు.

డోరా మామ్మకు డెబ్బై రెండేళ్ళు. ఒక్కతే ఉంటుంది. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ పిండి వాసనతో ఉంటుంది. మొదట్లో పిల్లలు మిసెస్ అని పిలవబోతే అమ్మ ఊరుకోలేదు. "పెద్దావిడ, మామ్మా అనండి," అంది. ఆ మాటకు అర్థం తెలిశాక ఆవిడే ఎవరైనా మిసెస్ అంటే పలకడం మానేసింది.

ఈ రోజు ఆవిడ తమ్ముడు మారిస్ వస్తున్నాడు, అరిజోనాలోని చాండ్లర్ నుంచి. గుండె ఆపరేషన్ అయ్యాక మూడేళ్ళకు ఇదే మొదటి ప్రయాణం. డోరా మామ్మకు డ్రైవింగ్ రాదు. అందుకని నాన్న ఆఫీస్ నుంచి ముందే వచ్చాడు, ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళడానికి.

"వాసూ, వచ్చావా," అంది డోరా మామ్మ. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. వసు అనమంటే మాత్రం వాసూ అంటుంది. "టేబుల్ నువ్వే సర్దాలి. అంతా రెడీగా ఉంది. ఆరుగురికీ ప్లేట్లు పెట్టు, చాలు."

ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన చీటీ దగ్గరికి వెళ్ళి వేలుపెట్టి చదువుకుంది. స్టవ్ ఆపు. కళ్ళజోడు. విమానం నాలుగుంబావు. ఆ చీటీ పక్కన ఇంకో నాలుగు చీటీలు ఉన్నాయి.

"ఈ మధ్య నా తల జల్లెడ అయిపోయింది," అంది గొంతు తగ్గించి. "మొన్న కళ్ళజోడు బ్రెడ్ డబ్బాలో దొరికింది. మారిస్‌తో అనకేం. తెలిస్తే నన్ను సూట్‌కేసులో పెట్టుకుని చాండ్లర్ పట్టుకుపోతాడు. అక్కడంతా ఎండ. చెట్టుకు కూడా ముళ్ళే."

వసుమతి నవ్వింది. కానీ లోపల కొంచెం భయం వేసింది. డోరా మామ్మ వెళ్ళిపోతే, ఆవిడ రొట్టె లేకుండా శుక్రవారాలు ఎలా గడుస్తాయి?

వాళ్ళు వెళ్ళాక అమ్మ తమ ఇంటి గుమ్మంలోకి వచ్చింది. అమ్మ పేరు రాధారాణి. ఆవిడకు ఈ దేశంలో స్టవ్ అంటే భయం, మంచు అంటే భయం, ఫైర్ అలారం అంటే మరీ భయం.

"వసూ, స్టవ్ ముట్టుకోకు. తలుపు తీసే ఉంచు. చాకులు తియ్యకు. నేను పిలుస్తుంటా, పలుకుతుండు," అంది. కజ్జికాయల పళ్ళెం చేతికిచ్చింది. "ఇవి టేబుల్ మీద పెట్టు. ఆయన్ని మొదటిసారి చూడబోతున్నాం, మనం ఉత్త చేతులతో వెళ్తే ఏం బావుంటుంది."

డోరా మామ్మ ఇంట్లో వెచ్చగా, రొట్టె వాసనగా ఉంది. టేబుల్ మధ్యలో తెల్లటి గుడ్డ కింద రెండు పెద్ద రొట్టెలు. వాటిని హల్లా అంటారు. యూదులు శుక్రవారం సాయంత్రానికి చేసుకునే రొట్టె అది, జడలాగా అల్లి ఉంటుంది.

నిన్న వాటిని అల్లింది వసుమతే. డోరా మామ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర తిరిగాయి. "మూడు పాయలు. జడ వేసుకోవడం వచ్చుగా?" అని పిండి ముందు పెట్టింది. రెండు పెద్ద జడలు అయ్యాక గుప్పెడు పిండి మిగిలింది. దాంతో వసుమతి బొమ్మ జడంత చిన్న బన్ను అల్లింది.

"ఇది మారిస్‌కి," అంది డోరా మామ్మ. "అన్నిటికన్నా ఇదే ముఖ్యం. ఎందుకో రేపు చూద్దువుగాని." అని ఒక కన్ను మూసి నవ్వింది.

"వసూ, ఉన్నావా?" ఎదురింట్లోంచి అమ్మ కేక.

"ఉన్నానమ్మా."

వసుమతి ప్లేట్లు పెట్టింది. ఫోర్కులు పెట్టింది. టేబుల్ చివర, మారిస్ తాత కుర్చీ ముందు, నీలం అంచు ఉన్న మంచి ప్లేటు అప్పటికే ఉంది. దాని మీద పూలు కుట్టిన నాప్‌కిన్ కప్పి ఉంది. తన బన్ను ఎలా కాలిందో చూద్దామని వసుమతి నాప్‌కిన్ ఎత్తింది.

బన్ను బంగారు రంగులో నిగనిగలాడుతోంది. కానీ ఒక చివర లేదు. ఎవరో కొరికేశారు. అర్ధచంద్రాకారంలో పళ్ళ గుర్తు స్పష్టంగా ఉంది.

వసుమతి బన్ను వంక అలాగే చూస్తూ నిలబడింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కొరికింది డోరా మామ్మే అయుండాలి. ఆకలేసి కొరికి, సంగతి మరిచిపోయి, చుట్టానికి పెట్టే ప్లేటులో పెట్టి కప్పేసింది. కళ్ళజోడు బ్రెడ్ డబ్బాలో పెట్టినట్టే.

చుట్టానికి ఎంగిలి పెడతారా ఎవరైనా? మారిస్ తాత నాప్‌కిన్ ఎత్తగానే ఏమనుకుంటాడు? డోరాకు మతి పోయింది అనుకుంటాడు. సూట్‌కేసు. చాండ్లర్.

"వసూ, అంతా బానే ఉందా?"

వసుమతి నోటి చివరిదాకా వచ్చింది, అమ్మా ఒకసారి ఇలా రా అని. కానీ దీనికి అమ్మ ఎందుకు? ఎంగిలి సంగతి తనకు తెలియనిదా.

"బానే ఉందమ్మా," అంది.

బాల్కనీ తలుపు తెరిచి, బన్ను కింద గడ్డిలోకి విసిరేసింది. చెట్టు మీదనుంచి బూడిదరంగు ఉడుత ఒకటి జరజరా దిగివచ్చి, రెండు చేతులతో బన్ను ఎత్తుకుని, నోట కరుచుకుని, మళ్ళీ చెట్టెక్కేసింది. వసుమతి ప్లేటు కడిగి తుడిచింది. అమ్మ చేసిన కజ్జికాయల్లో అంచు బాగా వచ్చినదాన్ని ఏరి, ప్లేటు మధ్యలో పెట్టి, నాప్‌కిన్ కప్పింది.

ఎంత మంచిపని చేశానో అనుకుంది.

ఐదున్నరకు మెట్ల మీద కర్ర చప్పుడైంది. మారిస్ తాత కూడా పొట్టిగానే ఉన్నాడు. ప్యాంటుకు భుజాల మీదుగా ఎర్రటి సస్పెండర్ పట్టీలు, తలమీద గుండ్రటి చిన్న టోపీ. నాన్న సూట్‌కేసు మోసుకొచ్చాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి నమస్కారం పెట్టింది. అమ్మ వెనక దాము. వాడు వసుమతి వైపు చూడలేదు.

"ఈవిడేనా మన రొట్టెకు జడ వేసింది?" అన్నాడు మారిస్ తాత వసుమతిని చూసి. జవాబు వినకుండానే, కోటైనా విప్పకుండా టేబుల్ దగ్గరికి నడిచాడు. "ఉండండి. ముందు నాది నేను చూసుకోవాలి. దీనికోసమే వెయ్యిన్నర మైళ్ళు వచ్చాను."

నాప్‌కిన్ ఎత్తాడు.

కజ్జికాయను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. బోర్లించి చూశాడు. కళ్ళజోడు పైకి నెట్టి అంచు చుట్టూ వెతికాడు.

"డోరా, దీనికి కుట్లు వేశారు," అన్నాడు. "నా గుండెకు వేసినట్టే ఉన్నాయి. నీ పంటిగాటు ఏది?"

డోరా మామ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"బన్ను పెట్టాను," అంది. "మధ్యాహ్నం. కొరికి, ప్లేటులో పెట్టి, కప్పాను." బ్రెడ్ డబ్బా తీసి చూసింది. ఓవెన్ తీసి చూసింది. ఫ్రిజ్ కూడా తీసింది. ఫ్రిజ్ తలుపు పట్టుకునే నిలబడిపోయింది. "పెట్టాననే గుర్తు. పెట్టానా?"

"పోనీలే డోరా," అన్నాడు మారిస్ తాత మెల్లగా. "మరిచిపోయి ఉంటావు. వయసు వచ్చింది కదా."

"దీన్ని నేనెప్పుడూ మరిచిపోలేదు మారిస్. ఒక్కసారి కూడా."

"తెలుసు. అందుకే అంటున్నా. తిరిగి వెళ్ళేటప్పుడు నాతో పాటు వచ్చెయ్యి. కొన్నాళ్ళుండు."

డోరా మామ్మ కుర్చీలో కూర్చుంది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని అంచు నిమరడం మొదలుపెట్టింది.

కొరికి పెట్టాను, అంది మామ్మ. అంటే మరిచిపోయి కొరకలేదు. కావాలనే కొరికింది. ఎందుకో వసుమతికి తెలియలేదు. కానీ మామ్మ తల జల్లెడ కాలేదని ఆ గదిలో తెలిసింది తనొక్కదానికే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఉడుత చెప్పదు.

అమ్మ ముందు, కొత్తాయన ముందు చెప్పాలంటే సిగ్గేసింది. డోరా మామ్మ ఇంకా టోపీ అంచు నిమురుతూనే ఉంది.

"మామ్మా, మీరు మరిచిపోలేదు," అంది వసుమతి. "బన్ను ఇక్కడే ఉంది. నేనే పారేశాను."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అది ఎంగిలి అయింది. అంటే, ఒకరు కొరికింది ఇంకొకరికి పెట్టకూడదు. మా ఇంట్లో పెట్టం. మీరు మరిచిపోయి కొరికారనుకున్నా. ఈ తాత చూస్తే మిమ్మల్ని తీసుకెళ్ళిపోతారని, బయటికి విసిరేశా. ఉడుత పట్టుకుపోయింది. సారీ." చివరి మాటకు చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"వసూ," అంది అమ్మ నిర్ఘాంతపోయి.

డోరా మామ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ అంత చురుగ్గా లేవడం వసుమతి ఎప్పుడూ చూడలేదు.

"విన్నావా మారిస్? కొరికాను. పెట్టాను. కప్పాను. అన్నీ చేశాను." ఫ్రిజ్ మీది చీటీల వైపు వేలు చూపించింది. "స్టవ్ మరిచిపోతాను. కళ్ళజోడు మరిచిపోతాను. నీ బన్ను మరిచిపోను. నీ చాండ్లర్ ఎండలో నువ్వే ఎండు."

మారిస్ తాత కర్రకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నాన్న కంగారుగా మంచినీళ్ళు ఇచ్చాడు.

"ఉడుత తిందా?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అరవై ఏళ్ళలో నా పంటిగాటు బన్ను లాక్కున్నది ఇదొక్కటే. మిగతావాళ్ళెవరికీ చేతకాలేదు."

"ఎవరు మిగతావాళ్ళు?" అన్నాడు దాము.

"కూర్చో చెబుతా. ఇలా రా పిల్లా, నువ్వూ కూర్చో. ఏడవకు. నీకు చెప్పకపోవడం మా అక్క తప్పు."

"మధ్యలో నా తప్పేంటి," అంది డోరా మామ్మ.

అక్కాతమ్ముళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు.

డోరాకు తొమ్మిదేళ్ళప్పుడు, మారిస్‌కు ఐదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న పోయాడు. అమ్మ జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. చూసేవాళ్ళు లేక పిల్లలిద్దరినీ యూదుల అనాథాశ్రమంలో పెట్టారు. అక్కడి పిల్లలంతా దాన్ని 'హోమ్' అనేవాళ్ళు.

"రెండొందలమంది పిల్లలం. ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క. మధ్యలో పెద్ద తలుపు," అంది డోరా మామ్మ. "వీడు ఆ తలుపు అవతల. శనివారం మధ్యాహ్నం ఒక్క గంట మెట్ల మీద కలవనిచ్చేవాళ్ళు."

"ఎప్పుడూ ఏడ్చేవాళ్ళా?" అన్నాడు దాము.

"మొదటి వారం ఏడ్చాను," అన్నాడు మారిస్ తాత. "తర్వాత టైం ఎక్కడిది? బేస్‌బాల్ ఉండేది. బ్యాండ్ ఉండేది. నేను బ్యూగిల్ బూర ఊదేవాడిని." పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. ఆ చప్పుడుకు అమ్మ ఉలిక్కిపడి ఫైర్ అలారం వైపు చూసింది.

"వారమంతా సూపూ, మామూలు రొట్టే," అంది డోరా మామ్మ. "శుక్రవారం సాయంత్రం మాత్రం మనిషికో చిన్న హల్లా బన్ను. వీడికి ఒకటి చాలేది కాదు. పెరిగే పిల్లాడు."

"ఎక్కడ పెరిగాను? ఇంతే ఉన్నాను."

"అందుకని నాది తినకుండా గౌను జేబులో దాచి, శనివారం ఇచ్చేదాన్ని. వీడు రాత్రికి తిందామని దాన్ని పట్టుకుని తలుపు దాటగానే పెద్దపిల్లలు లాగేసుకునేవాళ్ళు. మూడు వారాలు అలాగే పోయింది. నాలుగోవారం ఏం చేశానో చెప్పు."

వసుమతికి అప్పటికే తెలిసిపోయింది. "కొరికి ఇచ్చారు," అంది నెమ్మదిగా.

"ఆ. ఒక చివర కొరికి ఇచ్చా. పళ్ళ గుర్తులు బాగా పడేట్టు."

"పెద్దపిల్లలు లాక్కున్నారు," అన్నాడు మారిస్ తాత. "తిప్పి చూశారు. ఛీ, ఆడపిల్ల కొరికింది, అని నా మొహానే కొట్టారు." వసుమతి వైపు వంగాడు. "ఆ ఛీ ఉంది చూశావూ, దానివల్లే నా కడుపు నిండింది. ఐదేళ్ళపాటు."

"తర్వాత అలవాటైపోయింది," అంది డోరా మామ్మ. "ఎప్పుడు కలిసినా ముందు కొరికి పెడతాను. వీడు యుద్ధానికి వెళితే బిస్కెట్ కొరికి పోస్ట్‌లో పంపాను."

"వచ్చేసరికి పొడి. అందులో ఏ పొడి నీ గాటో వెతుక్కున్నా."

"మరి మీకు ఆకలేసేది కాదా మామ్మా?" అని అడిగింది వసుమతి.

"నాకు బన్ను అంటే ఇష్టం ఉండేది కాదు."

"అలాగే చెప్పేది," అన్నాడు మారిస్ తాత. "నాకు పదేళ్ళొచ్చాక అర్థమైంది, అబద్ధమని. ఆ గాటు అంత చిన్నగా ఉండేది. ఇష్టం లేనివాళ్ళు అంత జాగ్రత్తగా కొరకరు."

అమ్మ చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది.

వసుమతికి ఎందుకో నీలం ఫ్రాస్టింగ్ గుర్తొచ్చింది. దాని పక్కనే వరసగా చిన్న చిన్న పళ్ళ గుర్తులు. బస్సులో ఇంటిదాకా, పొట్టకు ఆనించుకున్న లంచ్‌బాక్స్.

బయట ఎండ వాలిపోతోంది. "చీకటి పడకముందే దీపాలు పెట్టాలి," అంటూ డోరా మామ్మ లేచింది. "మరి నీ బన్ను సంగతి? పెద్ద రొట్టెలు ప్రార్థన అయ్యేదాకా ముట్టుకోకూడదు."

మారిస్ తాత కజ్జికాయను ఆవిడ ముందుకు జరిపాడు. "కుట్లు వేసినది ఉందిగా."

డోరా మామ్మ దాని కొసను పట్టి కటుక్కున కొరికింది. కజ్జికాయ పగిలి, కొబ్బరీ చక్కెరా ఆవిడ మంచి బట్టల మీదంతా జలజలా రాలింది. మిగిలిన ముక్కను మారిస్ తాత వెలుగులోకి ఎత్తి చూశాడు.

"ఇదిగో నా గాటు," అన్నాడు. నోట్లో వేసుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "డోరా, అరవై మూడేళ్ళు నాకు ఉత్త బన్ను పెట్టావు. ఇలాంటిది ఒకటి ఉందని ఒక్కసారైనా చెప్పావా?"

అమ్మ మొదటిసారి భయం మరిచిపోయి నవ్వింది. "ఇంకో ఇరవై ఉన్నాయండీ ఇంట్లో," అంది తెలుగులోనే. ఆయనకు అర్థమైపోయినట్టే తల ఊపాడు.

డోరా మామ్మ రెండు కొవ్వొత్తులు వెలిగించింది. వాటి మీదుగా చేతులు మూడుసార్లు తన వైపు తిప్పుకుని, అరచేతులతో కళ్ళు మూసుకుంది. హారతి కళ్ళకు అద్దుకున్నట్టే ఉంది. దాము కూడా గబగబా కళ్ళకు అద్దుకున్నాడు. మారిస్ తాత రొట్టె మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చదివి, రొట్టె తుంచి, ఉప్పులో అద్ది, ఒక్కొక్కరికీ ఇచ్చాడు.

వసుమతికి కొస ముక్క వచ్చింది. బాగా కాలి, గట్టిగా, మెరుస్తూ ఉంది. జడ చివర అది. హల్లాలో అదే అన్నిటికన్నా బాగుంటుందని ఆమెకు తెలుసు.

దాము తన ముక్క అప్పుడే తినేశాడు. కొవ్వొత్తి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పటిదాకా అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు.

వసుమతి కొస ముక్కను కొంచెం, చాలా కొంచెం కొరికింది. పళ్ళ గుర్తు కనబడుతోందో లేదో చూసుకుంది. టేబుల్ మీదుగా జరిపి తమ్ముడి ప్లేటులో పెట్టింది.

దాము ముక్క వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

"ఎంగిలి కదా?"

"అవును. నాదే."

అమ్మ ఏదో అనబోయి, మారిస్ తాత ప్లేటు వైపు చూసి, నోరు మూసుకుంది.

"కప్‌కేక్ బాగుందా?" అంది వసుమతి.

"ఊ," అన్నాడు దాము. కాసేపాగి, "నీ హాఫ్‌లోనే ఫ్రాస్టింగ్ ఎక్కువ," అన్నాడు.

వసుమతి టేబుల్ మీదకు వంగింది. "నెక్స్ట్ టైం ఎవరిదైనా బర్త్‌డే అయితే నాకు సేవ్ చేస్తావా?"

దాము ఆలోచించాడు. "చూస్తా," అన్నాడు. రొట్టె ముక్క తీసుకుని, మరో చేత్తో చొక్కా అంచు పైకి లాగాడు. "కాకెంగిలి చెయ్యనా?"

"వద్దు. అలాగే కొరుకు. నాకు కొంచెం ఉంచు."

వాడు నోరంతా తెరిచి కొరికాడు. గోరంత మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, షేక్ అవ్వకుండా, టేబుల్ చుట్టూ నడిచివచ్చి అక్క చేతిలో పెట్టాడు.

వాడి పెదవి మూల ఫ్రాస్టింగ్ ఇంకా పూర్తిగా పోలేదు. రొట్టె ముక్క అంచున సన్నగా నీలం గీత అంటుకుని ఉంది.

వసుమతి దాన్ని అలాగే నోట్లో వేసుకుంది.